ఇన్‌చార్జి దొర: ఆర్చిడీకన్ డేనియల్ కోరీ జీవితం

బడిలో చదువుకున్న వాళ్లెవరికీ ఇన్‌చార్జి అనే మాట కొత్త కాదు. హెడ్మాస్టరు గారికి బదిలీ అవుతుంది, కొత్తవారు రావడానికి నెలలు పడుతుంది. ఆలోగా సీనియర్ సారు చేతికి బీరువా తాళాలు వస్తాయి. పీరియడ్లు తగ్గవు, బడి మొత్తం బరువు మాత్రం నెత్తిన పడుతుంది. పెద్ద కాగితాల మీద సంతకం పెట్టే అధికారం ఉండదు. ఏదైనా తేడా వస్తే సంజాయిషీ మాత్రం ఆయనే రాసుకోవాలి. మా ఇంజనీర్లలో దీన్నే ఎఫ్‌ఏసీ అంటాం, అంటే పూర్తి అదనపు బాధ్యత. ఉద్యోగంలో రెండుసార్లు ఆ బాధ్యత మోశాను కాబట్టి దాని రుచి నాకు బాగా తెలుసు.

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమని సంఘం మిత్రులు అడిగారు. నాయకుల గురించి, కవుల గురించి రాయగలిగిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం జీవితంలో ఎక్కువ భాగం రెండో స్థానంలో ఉండి, పైకుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ బరువు మోసిన ఒకాయన కథ రాద్దామనుకున్నాను. ఆయన పేరు డేనియల్ కోరీ. చనిపోయి 180 ఏళ్లు దాటింది.

తడవాళ్లకు చెన్నై పొరుగూరు లాంటిది. పొద్దున బండెక్కితే పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరతాం. అక్కడ చదువుకున్న మన పిల్లలకు బిషప్ కోరీ అనగానే జార్జిటౌన్‌లోని పాత బడి గుర్తొస్తుంది. వేపేరిలోని డవటన్ కోరీ బడి పేరులోనూ ఆయన ఉన్నాడు. ఎవరీ కోరీ అని అడిగితే, మద్రాసుకు మొదటి బిషప్పు అని చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆయన మద్రాసులో బిషప్పుగా ఉన్నది పదిహేను నెలలే. అంతకుముందు పన్నెండేళ్లు కలకత్తాలో ఆర్చిడీకన్‌గా పనిచేశాడు. నన్ను ఆకట్టుకున్నది ఆ పన్నెండేళ్లే.

మన సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు లూథరన్ సంఘాలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాలు ఎక్కువ. అందువల్ల మనలోని క్రైస్తవ మిత్రులకు కూడా ఆర్చిడీకన్ అనే మాట అంతగా పరిచయం ఉండకపోవచ్చు. కాబట్టి ముందు ఆ పదవి గురించి నాలుగు ముక్కలు చెబుతాను.

ఆర్చిడీకన్ అంటే ఎవరు?

డీకన్ అనే మాటకు గ్రీకు భాషలో మూలార్థం సేవకుడు. తెలుగు బైబిల్లో పరిచారకుడు అని ఉంటుంది. తొలినాటి సంఘాల్లో బీదలకు అన్నం పెట్టడం, కానుకల లెక్క చూడటం, బిషప్పుకు సాయంగా ఉండటం వాళ్ల పని. వాళ్లలో పెద్దవాడు ఆర్చిడీకన్. నాలుగో శతాబ్దం నాటికే ఈ పేరు వాడుకలో ఉంది. డబ్బు, దస్తావేజులు, తగవులు అన్నీ ఇతని చేతిమీదుగా సాగేవి కాబట్టి బిషప్పు తరవాత అంతటివాడు ఇతనే అయ్యాడు. 1073లో ఏడో గ్రెగరీ పేరుతో పోపు అయిన హిల్డెబ్రాండ్ అంతకుముందు రోములో ఆర్చిడీకనే.

ఇంగ్లండులో నార్మన్ల కాలం నుంచి ఒక్కో అధ్యక్ష మండలాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక ఆర్చిడీకన్‌ను పెట్టారు. ఇతన్ని బిషప్పు కన్ను అనేవాళ్లు. ఊరూరా తిరిగి చర్చి కప్పు కారుతోందా, గోడ పగిలిందా, రిజిస్టర్లు సరిగా ఉన్నాయా, పాత్రలూ సామాను లెక్కకు సరిపోతున్నాయా అని చూడటం, కొత్త గురువును తీసుకెళ్లి చర్చి తాళం అప్పగించడం, గురుపట్టం కోరి వచ్చినవాళ్లను పరీక్షించి బిషప్పు ముందు నిలపడం ఇతని పనులు. మన లెక్కలో చెప్పాలంటే మండల విద్యాధికారి, సైట్ ఇంజనీరు, ఆడిటరు ముగ్గురూ కలిసిన ఉద్యోగం.

తనిఖీ చేసేవాణ్ణి ఎవరూ ప్రేమించరు. మధ్యయుగాల్లో ఆర్చిడీకన్‌కు సొంత కోర్టు ఉండేది, జరిమానాలు వేసే అధికారం ఉండేది. కొందరు ఆ అధికారంతో జనాన్ని పీడించారు. ఆంగ్ల కవి చాసర్ వాళ్లను వెక్కిరిస్తూ కథ రాశాడు. అసలు ఆర్చిడీకన్‌కు మోక్షం దొరుకుతుందా అని పండితులు హాస్యానికి చర్చించుకునేవాళ్లట. తరవాతి కాలంలో కోర్టు అధికారం పోయింది, తిరుగుడూ తనిఖీలూ మిగిలాయి. ఈనాటికీ ఇంగ్లండులో చర్చి భవనాల బాగోగులు ఆర్చిడీకన్ చూసే పనుల్లో ముఖ్యమైనవి. ప్రతి చర్చినీ ఐదేళ్లకోసారి ఆర్కిటెక్టు చేత తనిఖీ చేయించాలని 1955లో అక్కడ చట్టం కూడా చేశారు. పాత కట్టడాలు చూసే ఇంజనీరుగా ఆ చట్టం చదివి నాకు కాస్త అసూయ కలిగింది.

మన దేశానికి ఈ పదవి 1813లో వచ్చింది. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ సనదును పొడిగిస్తూ బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టంలో, కలకత్తాకు ఒక బిషప్పు, కలకత్తా, మద్రాసు, బొంబాయిలకు ఒక్కో ఆర్చిడీకన్ అని రాశారు. బిషప్పు జీతం ఏడాదికి 5,000 పౌండ్లు, ఆర్చిడీకన్‌కు 2,000 పౌండ్లు. మద్రాసుకు మొదటి ఆర్చిడీకన్‌గా జాన్ మౌస్లీ వచ్చాడు. బొంబాయికి వచ్చిన జార్జ్ బార్న్స్ అక్కడ పేదపిల్లల కోసం మొదలుపెట్టిన విద్యాసంఘమే తరవాత ఆయన పేరుతో బార్న్స్ స్కూలుగా నిలిచింది. మొదటి బిషప్పు మిడిల్టన్ స్వయంగా ఇంగ్లండులోని హంటింగ్డన్‌కు ఆర్చిడీకన్‌గా ఉండి వచ్చినవాడే. పాలకులకు జనం ఏమంటారోనన్న భయం ఎంతగా ఉందంటే, 1814లో ఆయన అభిషేకాన్ని లాంబెత్ ప్రాసాదంలో చడీచప్పుడు లేకుండా జరిపించారు.

ఆ బిషప్పు పరిధి ఎంతో ఊహించండి. హిమాలయాల పాదాల నుంచి సింహళం దాకా కంపెనీ పాలించిన నేలంతా ఒక్క మనిషి కింద. కొన్నేళ్లకు ఆస్ట్రేలియాను కూడా దానికే తగిలించి, అక్కడా ఒక ఆర్చిడీకన్‌ను పెట్టారు. ఇంత పెద్ద డివిజన్‌కు ఒకే ఒక్క బిషప్పు. ఆ ఒక్కడు పోతే?

చునార్ నుంచి ఆగ్రా దాకా

డేనియల్ కోరీ 1777 ఏప్రిల్ 10న పుట్టాడు. తండ్రి పల్లెటూరి చర్చి గురువు. కేంబ్రిడ్జిలో చదివేటప్పుడు అక్కడి ప్రసిద్ధ బోధకుడు చార్లెస్ సిమియన్ ప్రభావం ఆయన మీద పడింది. 1802లో డీకన్ అయ్యాడు. ఇంగ్లండు పల్లెల్లో కొన్నేళ్లు పనిచేసి, 1806లో కంపెనీ చాప్లిన్‌గా కలకత్తాలో దిగాడు. అప్పటికి వయసు 29. చాప్లిన్ అంటే కంపెనీ సిపాయి దండుల్లోని ఇంగ్లీషువాళ్లకు ప్రార్థనలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరిపే జీతగాడు. దేశంలోని జనంతో పని పెట్టుకోవాలన్న నిబంధన ఏమీ లేదు.

కలకత్తాలో ఆయనకు పెద్దదిక్కుగా నిలిచింది డేవిడ్ బ్రౌన్ అనే సీనియర్ చాప్లిన్. ఈ బ్రౌన్ కొడుకును మనం పరిచయం చేసుకోనక్కర్లేదు. వేమన పద్యాలను వెతికి అచ్చు వేయించి, తెలుగుకు నిఘంటువు చేసిపెట్టిన మన సి.పి. బ్రౌన్ ఆయనే. కోరీ కలకత్తాకు వచ్చేనాటికి ఆ పిల్లవాడికి ఎనిమిదో ఏడు నడుస్తోంది. దేశభాషలు నేర్చుకోనిదే ఈ దేశంలో పని జరగదని నమ్మిన పెద్దలు కొందరు ఆ ఇంటి చుట్టూ ఉండేవాళ్లు. అదే నమ్మకం ఒకరిని కడప దాకా నడిపించి తెలుగువాణ్ణి చేసింది. మరొకరిని గంగ ఒడ్డుకు నడిపించి హిందుస్తానీ మాట్లాడించింది.

కోరీకి మొదట వేసిన చోటు కాశీకి ఎగువన ఉన్న చునార్ కోట. జబ్బుపడిన, ముసలివాళ్లయిన తెల్ల సిపాయిలను కంపెనీ అక్కడ ఉంచేది. ఉద్యోగంలో పైకి రావాలనుకునే వాడెవడూ కోరుకునే చోటు కాదు. కోరీ అక్కడ హిందుస్తానీ నేర్చాడు, పిల్లలకు చిన్న బడులు పెట్టించాడు, చర్చి కట్టించే పనికి పూనుకున్నాడు. తరవాత కాన్పూరుకు మారాడు. బైబిలు కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చిన హెన్రీ మార్టిన్ ఆయనకు ప్రాణస్నేహితుడు. క్షయతో బాధపడుతున్న మార్టిన్ 1810లో కాన్పూరు విడిచి పర్షియా దారి పట్టాడు, 1812లో టర్కీలోని తొకాట్‌లో చనిపోయాడు. అదే ఏడాది డేవిడ్ బ్రౌన్ కూడా కన్నుమూశాడు. ఒకే ఏడాదిలో స్నేహితుణ్ణీ పెద్దదిక్కునూ పోగొట్టుకున్న కోరీ ఆ ఏడాది చివర్లోనే ఎలిజబెత్ మయర్స్‌ను పెళ్లిచేసుకున్నాడు.

1813లో ఆగ్రాకు వెళ్లేటప్పుడు ఆయన వెంట అబ్దుల్ మసీహ్ ఉన్నాడు. షేక్ సాలిహ్ అనే పేరున్న ఈయన మార్టిన్ మాటలు విని 1811లో క్రైస్తవుడయ్యాడు. ఆగ్రాలో హకీముగా వందలమందికి మందులిచ్చి పేరు తెచ్చుకున్నాడు. కోరీ కాలేయం జబ్బుతో ఆగ్రా విడిచి, 1815లో ఇంగ్లండుకు వెళ్లాల్సి వచ్చినా అబ్దుల్ మసీహ్ అక్కడే ఉండి పని నడిపాడు. ఈయనకు గురుపట్టం ఇవ్వడానికి మిడిల్టన్ ఒప్పుకోలేదు. తన నియామక పత్రంలో భారతీయులకు పట్టం ఇచ్చే అధికారం ఉందో లేదో అని ఆయన సందేహం. చివరికి 1825లో తరవాతి బిషప్పు హెబర్ ఆంగ్లికన్ పట్టం ఇచ్చాడు. ఒక మనిషి పని పదేళ్లుగా కళ్లెదుట కనిపిస్తున్నా, కాగితంలో దారి లేదని ఆగిపోవడం మన దఫ్తర్లలో మొదలైన జబ్బేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నలుగురు బిషప్పులు, ఒక ఆర్చిడీకన్

కోరీ 1817లో తిరిగి వచ్చి కాశీలోనూ, తరవాత కలకత్తాలోనూ పనిచేశాడు. 1822 జులైలో మిడిల్టన్ చనిపోయాడు. చార్జి తీసుకున్న ఆర్చిడీకన్ లోరింగ్ కూడా రెండు నెలల లోపే పోయాడు. 1823 అక్టోబరులో కొత్త బిషప్పు రెజినాల్డ్ హెబర్ కలకత్తాలో దిగాడు. ఖాళీగా ఉన్న ఆర్చిడీకన్ పదవికి ఇంగ్లండు నుంచి ఎవరినో తెప్పించకుండా, పదిహేడేళ్లుగా దేశంలో ఉన్న కోరీని ఎంచుకున్నాడు.

హెబర్ మంచి కవి, పర్యటనలంటే ఇష్టం. 1824లో గంగ మీదుగా పడవల్లో పైకి సాగిన ప్రయాణంలో కోరీ కొంతదూరం ఆయనతో వెళ్లాడు. భాష తెలిసినవాడు, దారి తెలిసినవాడు వెంట ఉంటే కొత్త అధికారికి ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కర్లేదు. కానీ 1826 ఏప్రిల్ 3న తిరుచిరాపల్లిలో స్నానానికి దిగిన హెబర్ నీళ్లలోనే ప్రాణం విడిచాడు. అప్పటికి వయసు 42. కలకత్తా కుర్చీ ఖాళీ అయింది, కోరీ ఇన్‌చార్జి అయ్యాడు.

కొత్త బిషప్పు జేమ్స్ 1828 జనవరిలో వచ్చాడు. ఏడు నెలలకే జబ్బుచేసి, సముద్రం మీద ఆగస్టులో చనిపోయాడు. మళ్లీ కోరీ ఇన్‌చార్జి. 1829 డిసెంబరులో టర్నర్ వచ్చాడు. 1831 జులైలో ఆయనా పోయాడు. మూడోసారి కోరీ ఇన్‌చార్జి. 1832 నవంబరులో డేనియల్ విల్సన్ వచ్చేదాకా ఆ బాధ్యత ఆయనదే.

నేను నెలలు కూడి చూశాను. మొదటిసారి ఇరవై ఒక్క నెలలు, రెండోసారి దాదాపు పదహారు, మూడోసారి పదహారు. మొత్తం నాలుగేళ్లకు పైమాటే. ఏడేళ్లలో ముగ్గురు బిషప్పులు పోయారు, మూడుసార్లూ కుర్చీలోకి కొత్తవాళ్లు ఇంగ్లండు నుంచే వచ్చారు, మూడుసార్లూ కోరీ లెక్కలప్పగించి తన పాత బల్ల దగ్గరికి వెళ్లాడు.

ఇన్‌చార్జి ఆర్చిడీకన్‌కు ఏ పని చేసే వీలుందో, ఏది లేదో కూడా తెలుసుకోవాలి. చాప్లిన్ల మీద ఫిర్యాదులు వినొచ్చు, ఉత్తరాలు రాయొచ్చు, సర్కారుతో పోట్లాడొచ్చు. కానీ గురుపట్టం ఇవ్వకూడదు, పిల్లలకు నిర్ధారణ సంస్కారం చేయకూడదు, కొత్త చర్చిని ప్రతిష్ఠించకూడదు. అవి బిషప్పు చేతులతోనే జరగాలి. అంటే చదువు పూర్తిచేసి పట్టం కోసం నిలబడ్డ యువకుడు వేచి ఉండాలి, గోడలు లేచిన చర్చి వేచి ఉండాలి. వాళ్లందరికీ సమాధానం చెప్పుకోవలసినవాడు మాత్రం ఇన్‌చార్జే.

ఈ ఇబ్బంది నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు. నా రెండో ఇన్‌చార్జి కాలం సరిగ్గా తుఫాను నెలలో పడింది. ఒకచోట చెరువుకట్ట మెత్తబడి నీళ్లు ఊరడం మొదలైంది. ఇసుక బస్తాలు వేయించడానికి నాకు అధికారం ఉంది, తూము మార్చే ఎస్టిమేటును మంజూరు చేయడానికి లేదు. రాత్రంతా రైతులతో కట్టమీద నిలబడ్డాను. కట్ట నిలిచింది. తూము మాత్రం రెగ్యులర్ అధికారి వచ్చాకే మారింది. ఇన్‌చార్జి పనంతా ఇలాంటిదే. కట్ట తెగకుండా చూడటమే ఆయన గొప్ప. తెగని కట్ట గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ పన్నెండేళ్లలో కోరీ చేసిన మరో పని బడులకు అండగా ఉండటం. 1821లో కలకత్తాకు వచ్చిన మేరీ ఆన్ కుక్ అనే ఆవిడ బెంగాలీ నేర్చుకుని ఆడపిల్లలకు బడులు తెరిచింది. ఆడపిల్లకు అక్షరమెందుకు అనే రోజుల్లో అది చిన్న సాహసం కాదు. చర్చి మిషనరీ సొసైటీ కలకత్తా వ్యవహారాల్లో ముఖ్యుడిగా ఉన్న కోరీ ఆ బడులకు కావలసిన అండ సమకూర్చాడు.

మద్రాసులో పదిహేను నెలలు

ఒక్క బిషప్పుతో ఇంత దేశం నడవదని వరస చావులు చెప్పాక లండనుకు అర్థమైంది. 1833 చట్టంలో మద్రాసుకూ బొంబాయికీ వేరుగా బిషప్పులను ఇచ్చారు. మద్రాసుకు కోరీ పేరు వచ్చింది. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. మన లెక్కలో రిటైర్‌మెంటు కాగితాలు సర్దుకునే వయసు. బిషప్పును అభిషేకించాలంటే ముగ్గురు బిషప్పులు చేయి వేయాలి. దేశంలో ఉన్నది విల్సన్ ఒక్కడే. కాబట్టి ఆ వయసులో నెలల తరబడి ఓడలో ఇంగ్లండు వెళ్లి, 1835 జూన్ 14న లాంబెత్‌లో అభిషేకం పొంది, మళ్లీ అంత ప్రయాణమూ చేసి అక్టోబరులో మద్రాసులో దిగాడు. 1815లో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి ఆయన రాకతో కెథీడ్రల్ అయింది. దాని నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కాల్డ్‌వెల్, కట్టింది డి హావిలాండ్. ఇద్దరూ మా వృత్తివాళ్లే అని చెప్పుకోవడం నాకు సరదా.

మద్రాసు అధ్యక్ష మండలంలో అప్పటి మన నెల్లూరు జిల్లాతో సహా కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు, తమిళ దేశం, సింహళం కూడా ఉండేవి. కోరీ ఎక్కువ కాలం బతకలేదు కాబట్టి చేసిన పనుల జాబితా పొడుగ్గా ఉండదు. 1836లో గ్రామర్ స్కూలు పెట్టాడు. అదే ఈనాటి బిషప్ కోరీ స్కూలు. ఇంగ్లీషువాళ్లకూ ఈ దేశపు ఆడవాళ్లకూ పుట్టి, రెండు వైపులా పరాయివాళ్లయిన పిల్లలకు నగరంలో చదువు దొరకడానికి అది పెద్ద ఆసరా అయింది.

రెండో విషయం మన తిరుపతికి సంబంధించింది. 1801లో ఉత్తర ఆర్కాటు కంపెనీ చేతికి వచ్చినప్పటి నుంచి తిరుమల ఆలయ నిర్వహణ కూడా కంపెనీదే. చిత్తూరు కేంద్రంగా ఉన్న కలెక్టరు అర్చనల ఖర్చు చూసేవాడు, మిగులు రాబడి ఖజానాకు చేరేది. 1821లో బ్రూస్ కోడ్ పేరుతో ఆలయానికి నిబంధనలు కూడా రాశారు. రాష్ట్రమంతటా ఇదే తీరు. ఉత్సవాలకు సర్కారు తరఫున సిపాయిలను నిలబెట్టేవాళ్లు, ఫిరంగులు పేల్చేవాళ్లు, రథం లాగడానికి రైతులను పోగుచేసే పని కూడా అధికారులదే. తమ మతం కాని పూజల్లో తమను బలవంతంగా నిలబెడుతున్నారని కొందరు క్రైస్తవ అధికారులూ చాప్లిన్లూ అభ్యంతరం చెప్పారు. 1836లో రెండు వందలకు పైగా సంతకాలతో మహజరు తయారుచేశారు. బిషప్పు కోరీ దాన్ని గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడంకు పంపాడు.

మద్రాసు సర్కారు ఆ కోరికను తోసిపుచ్చింది. అంతటితో ఆగక, ఇలాంటి కాగితాన్ని చేరవేసినందుకు బిషప్పు మీదనే అసంతృప్తి తెలిపింది. జీవితమంతా పైవాళ్ల మాట జవదాటకుండా, కుర్చీలు అప్పగిస్తూ వచ్చిన మనిషి, చివరికి సొంత కుర్చీలో కూర్చున్నాక తన కింద పనిచేసేవాళ్ల తరఫున నిలబడి మాట పడ్డాడు. తరవాత 1838లో మద్రాసు సైన్యాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌ల్యాండ్ ఇదే విషయం మీద పదవి వదులుకున్నాడు. ఇంగ్లండులోనూ గొడవ పెరిగింది. చివరికి కంపెనీ ఆలయాల నిర్వహణ నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. 1843లో తిరుమల ఆలయం హథీరాంజీ మఠం మహంతు సేవాదాస్ చేతికి వచ్చింది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడేదాకా మహంతులే చూశారు.

మహజరు రాసినవాళ్ల ఉద్దేశం ఆలయాల మేలు కాదు, అది మనం మరచిపోకూడదు. వాళ్లు చూసుకున్నది తమ మనస్సాక్షిని. కోరీ ఒక్కడి వల్ల ఇదంతా జరిగిందనీ నేను అనను. 1833లోనే లండన్ డైరెక్టర్లు ఆలయాల నుంచి తప్పుకోమని రాశారు. కానీ ఒక దేవుణ్ణి నమ్మేవాణ్ణి మరో దేవుడి ఎదుట ఉద్యోగం పేరుతో నిలబెట్టకూడదన్న మాట న్యాయమైనదే. ఆ న్యాయాన్ని అడిగినందువల్ల ఇంకొక మతంవాళ్ల గుడి వాళ్ల చేతికే తిరిగి రావడానికి దారి కొంత తెరుచుకుంది. చరిత్రలో ఇలాంటి మలుపులు ఎన్నోసార్లు కనిపిస్తాయి.

1836 డిసెంబరులో కోరీ భార్య చనిపోయింది. కొద్ది వారాలకే, 1837 ఫిబ్రవరి 5న ఆయనా కన్నుమూశాడు. ఇంకో రెండు నెలలుంటే అరవై నిండేవి. కెథీడ్రల్ ఆవరణలోనే సమాధి చేశారు. లోపల హెన్రీ వీక్స్ చెక్కిన ఆయన పాలరాతి విగ్రహం ఉంది. అదే కెథీడ్రల్లో చాంట్రీ చెక్కిన హెబర్ విగ్రహమూ ఉంది. ఒకరు బిషప్పుగా రెండున్నరేళ్లు ఉండి పాటలవల్లా ప్రయాణాలవల్లా లోకమంతా పేరు పొందినవాడు. రెండోవాడు ఆయన పోయాక ఫైళ్లు చూసినవాడు. ఉద్యోగరీత్యా చెన్నైలో ఉన్న రోజుల్లో ఆ రెండు విగ్రహాలూ చూశాకే నేను కోరీ గురించి చదవడం మొదలుపెట్టాను.

ఆయన తరవాత ఈ నేలమీద చాలా మార్పులు వచ్చాయి. 1912లో దోర్నకల్ వేరే అధ్యక్ష మండలమై, వేదనాయగం శామ్యూల్ అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా వచ్చాడు. 1947 సెప్టెంబరు 27న కోరీ కూర్చున్న ఆ కెథీడ్రల్లోనే దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆర్చిడీకన్ అనే మాట మాత్రం ఈ తరం తెలుగువాళ్లకు దాదాపు తెలియకుండా పోయింది.

మన బడికి ఒక మాట

మిత్రులారా, గురువులారా, ఇంత దూరపు కథ ఎందుకు రాశానంటే కారణం ఒకటుంది. ఏ బడికి వెళ్లినా హెడ్మాస్టరు గదిలో గోడమీద ఒక పట్టిక ఉంటుంది. ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా హెడ్మాస్టరుగా చేశారో పేర్లు రాసి ఉంటాయి. ఇన్‌చార్జిగా నడిపినవాళ్లకు ఆ పట్టికలో చోటు దొరకడం అరుదు. రెండు పేర్ల మధ్య తారీకులు కలవని చోట వాళ్లు ఉంటారు. కలకత్తా బిషప్పుల వరసలో కూడా అంతే. హెబర్, జేమ్స్, టర్నర్, విల్సన్ అని చదువుకుంటూ పోతాం. ఆ పేర్ల మధ్య ఉన్న నాలుగేళ్లు ఎవరు మోశారో పట్టిక చెప్పదు.

మనలో చాలామంది పదో తరగతి హాల్ టికెట్ల మీద సంతకం పెట్టింది ఒక ఇన్‌చార్జి గారే అయి ఉంటారు. వరదొచ్చి తరగతిగదుల్లోకి నీళ్లు వచ్చినప్పుడు రికార్డులను బల్లలమీదికి ఎక్కించింది, మధ్యాహ్న భోజనానికి బియ్యం రాని వారంలో అప్పు తెచ్చి వండించింది కూడా అలాంటి వాళ్లే.

స్వర్ణోత్సవానికి మన సంఘం కమాను కట్టాలా, మంచినీళ్ల ప్లాంటు పెట్టాలా అని ఆలోచిస్తోంది. రెండూ మంచివే. కట్టే పని ఏదైనా డ్రాయింగు, ఎస్టిమేటు నేను ఉచితంగా వేసిపెడతాను. దాంతోపాటు ఇంకో పని చేద్దామని నా మనవి. పాత హాజరు రిజిస్టర్లు, జీతాల బిల్లులు, లాగ్ బుక్కులు తీసి చూస్తే, యాభై ఏళ్లలో ఎవరెవరు ఎన్నెన్ని నెలలు ఇన్‌చార్జిగా బడిని నడిపారో తెలుస్తుంది. రిటైరైన సార్లు, టీచరమ్మలు ఇంకా కొందరు మన మధ్యనే ఉన్నారు, వాళ్లను అడగొచ్చు. ఆ పేర్లు, నెలలు రాసి, గోడమీద ఉన్న పట్టిక పక్కనే అంతే సైజులో ఇంకో పలక పెడదాం. ఇందుకు సెలవు రోజుల్లో బడికి వచ్చి రిజిస్టర్లు చూడటానికి నేను సిద్ధం. ఇంకో ఇద్దరు ముగ్గురు చేయి కలిపితే వేసవి సెలవుల్లోనే పని పూర్తవుతుంది.